జింకు పూత

అన్నా, గుండ్రటి పంజరం వద్దు, పిట్టకి మూల ఉండాల అంటున్నాడు పిట్టల కొట్టు నిసార్, మూల లేకపోతే భయమేసినప్పుడు ఎక్కడ నక్కాలో దానికి తెలీదట, గిర్రున తిరిగి తిరిగి బెంగెట్టుకుంటుందట, నేను తలూపుతున్నాను, వింటున్నానో లేదో నాకే తెలియదు. వన్‌టౌన్‌లో ఈ సందుకి ఇరవై ఏళ్ళుగా వస్తున్నాను, కరపత్రాలు పంచడానికి వచ్చాను, గోడకి పోస్టరు అంటించి తిట్లు తినడానికి వచ్చాను, కొట్లో స్టూలు మీద కూర్చుని వస్తువు బేరం చేయడం ఇదే మొదటిసారి. తాళ్ళకి వేలాడుతున్న పంజరాలు, వాటి మీద రేవు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము, లోపల వందల పిట్టలు ఒక్కసారే అరుస్తున్నాయి, మీటింగులో మైకు పాడైనప్పుడు జనం అరిచినట్టు. నా ఒళ్ళో చెప్పుల డబ్బా ఉంది. మూతకి మేకుతో చిల్లులు పొడిచాను. లోపల ఆకుపచ్చ లవ్‌బర్డ్, మగది, పాత బనీను గుడ్డ మీద ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది, బతికే ఉంది. దాని జోడీ, పసుపుది, లేదు. పదకొండు రోజుల కిందట పోయింది. రోగమొచ్చి పోయిందని చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే చెప్పుకుంటారు. నేను చంపాను. ఇప్పుడు మూడు దాటింది, నాలుగున్నరకి నాతోపాటు వెల్డింగు చేసిన గౌస్ తన ఇంటికొస్తాడు, మూడు నెలలు ఛాతీ ఆసుపత్రిలో ఉండి, ఊపిరి మిషను వెంటబెట్టుకుని. మంచం మీద కూర్చోగానే వాడు అడిగే మొదటి మాట ఏమిటో నాకు తెలుసు. ఈ పిట్టలు వాడివి. చూసుకో బావా అని నా చేతిలో పెట్టి అంబులెన్సు ఎక్కాడు.

నిసార్ బల్ల మీద బొమ్మలు పరుస్తున్నాడు. ప్లాస్టిక్ నిచ్చెన, చెక్క పూసల దండ, కొబ్బరి పీచుతో అల్లిన ఉండ, చిన్న గంట, ఊయల, హార్బరు ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్లటి సముద్రపు నురుగు ముక్క, దాని మీద పిట్టలు ముక్కు అరగదీసుకుంటాయి. "దానికి పనుండాల అన్నా. పని లేకపోతే దాని ఈకలు అదే పీక్కుంటాది" అన్నాడు. వీడు ఎవరికి చెబుతున్నాడు. కంపెనీ వాళ్ళు గేటు పాసు గుంజుకుని పనిలోంచి తీసేశాక ఏడాదిన్నర నేను ఇంట్లో చేసింది అదే, ఈకలు పీక్కోవడం. అందుకే కదా ఆ పంజరం మొదలుపెట్టాను. గౌస్ ఇచ్చిన పాతది రెండు జానలుంటుంది, వెదురు పుల్లలది, చూడగానే నాకు ఒళ్ళు మండింది, పదహారు మందిని ఒక రేకుల గదిలో కుక్కిన లేబరు క్యాంపు గుర్తొచ్చింది, ఛీ ఇందులో రెండు ప్రాణులు ఎలా ఉంటాయని గట్టిగానే అన్నాను. గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న నా భార్య జోగమ్మ నవ్వింది. "పిట్టలకి కూడా యూనియనెట్టేత్తన్నావేటి?" పెడతానన్నాను. "అవి సందా కట్టవు, ముందే సూసుకో" అంది. ఆ నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఆ వేళ ఎండ కూడా బాగుంది. గాజువాక పాత సామాను కొట్లో ఇనుప తీగల మెష్షు ఏరుకుని భుజం మీద మోసుకొచ్చాను, కంచరపాలెం రైలు పట్టాల పక్క మా వీధిలో వెల్డింగు మిషను అద్దెకి తెచ్చి నాలుగు రోజులు కూర్చున్నాను, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, పిట్ట రెక్క పూర్తిగా విప్పి ఈ చివర నుంచి ఆ చివరకి ఎగరాలని. ఎగిరాయి కూడా. వీధిలో వాళ్ళు వచ్చి చూశారు. నేను గేటు దగ్గర నిలబడినట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

జీఐ మెష్షు. జింకు పూత ఉన్నది. ఈ ఊళ్ళో సముద్రం గాలి ఇనుముని తినేస్తుంది, కిటికీ గ్రిల్లు రెండేళ్ళు, మెట్ల రెయిలింగు మూడేళ్ళు, తలుపు గొళ్ళెం ఒక్క వానాకాలం, ఇక్కడ ఇనుప సామాను కొనేవాడు ఎవడైనా అడిగే మొదటి మాట ఒకటే, జీఐయేనా, పూతుందా. ఉంటే మంచిది, లేకపోతే చెత్త. అంతకు మించి నా బుర్ర పనిచేయలేదు. తుప్పు పట్టనిది మంచిది, తళతళ మెరిసేది మంచిది. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, అతుకు పెట్టే చోటల్లా గ్రైండరుతో పూత గీకాను. పూత మీద వెల్డు పెడితే వచ్చే పొగ విషమని నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. నా ముక్కుకి విషమయ్యేంత మేర గీకాను. మిగతాదంతా దాని ముక్కుకి వదిలేశాను. ఊయల కూడా జీఐ తీగతోనే చేశాను, గంట నాలుక్కి ఒక నట్టు కట్టాను. పసుపుది ఆ ఊయల దిగేది కాదు. కొక్కేన్ని కొరుకుతూ, తీగని నమిలి నమిలి వదులుతూ పొద్దంతా కూర్చునేది. చూడవే ఎంత బాగా ఆడుకుంటోందో అని జోగమ్మని పిలిచి చూపించాను. అది ఆడుకోవడం కాదు. నేను పెట్టింది తింటోంది.

పోయే ముందు రెండు రోజులు పంజరం అడుగున ఉబ్బి కూర్చుంది, నీళ్ళు తాగడమే తాగడం, రెట్ట పచ్చగా పల్చగా. జలుబనుకున్నాను. పసుపు నీళ్ళు పోశాను, దుప్పటి కప్పాను. తెల్లారి చూస్తే కాళ్ళు ముడుచుకుని పక్కకి ఒరిగి ఉంది, కొక్కెం కిందే. రెండోది కూడా ఉబ్బడం మొదలుపెట్టాక అప్పుడు పరుగెత్తాను పశువుల డాక్టరమ్మ దగ్గరకి. చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడు. పంజరం ఎక్కడ కొన్నారు అంది. నేనే చేశాను అన్నాను, ఇంకా కొంచెం గర్వంగానే అన్నాను, ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. ఫోన్లో ఫోటో చూపించాను. ఆవిడ వేలితో పెద్దది చేసి చూసి, "జీఐయా" అంది. పిట్ట దేన్ని తెలుసుకోవాలన్నా ముక్కుతో కొరికే తెలుసుకుంటుందట, పూత పెళ్ళలు పొట్టలోకి పోయి రక్తంలో కలుస్తాయట, ఇంత పిట్టకి గోరంత పెళ్ళ చాలట. ఆ లోహాన్ని ఒంట్లోంచి లాగే మందు రాసి, పంజరం మార్చండి, ఈలోగా అట్టపెట్టెలో ఉంచండి అంది. అంకుల్ మీరేం పని చేస్తారు అని అడిగింది. ఎలక్ట్రీషియన్‌ని అని అబద్ధం చెప్పాను. నా జన్మలో నా పని దాచుకున్నది ఆ ఒక్కసారే.

జింకు సంగతి నాకు ఒకరు చెప్పాలా. గాజువాక అవతల షెడ్డులో గౌసూ నేనూ పక్కపక్కన కూర్చుని పూత పైపులు అతికినవాళ్ళం. గాల్లో తెల్లటి దూది తేలేది, జింకు కాలితే అలాగే ఉంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది. సాయంత్రానికి నోట్లో తియ్యటి రుచి, బీడీ కూడా తియ్యగా ఉండేది, పొద్దుపోయాక వణుకు, మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకునేవి, తెల్లారేసరికి మామూలు, మళ్ళీ డ్యూటీ. జింకు జొరం అనేవాళ్ళం, జలుబు అన్నంత తేలికగా. కాంట్రాక్టరు మనిషికో పాల ప్యాకెట్టు ఇచ్చేవాడు, తాగితే విషం విరిగిపోతుందని. అప్పుడే నాకు రోషం పుట్టింది. ఐదో క్లాసుతో ఆపినవాణ్ణి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, తెలిసిన ప్రతివాణ్ణీ కాయితాలు అడుక్కున్నాను, పాలొద్దు మాస్కు కావాలి అని ఎర్ర రంగుతో గోడ మీద రాశాను, కరపత్రం రాశాను, పూత మనిషి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో రెండు పేజీలు. అది ఇప్పుడు మళ్ళీ తీసి చదివాను. అందులో ఊపిరితిత్తులున్నాయి, పొట్ట లేదు. పొగ ఉంది, పెళ్ళ లేదు. మనిషి ఉన్నాడు. వాడి ఇంట్లో ఇంకేం ప్రాణం ఉందో, అది లేదు. గౌస్ ఒక్క మీటింగుకీ రాలేదు. డ్యూటీ అవగానే సైకిలెక్కి ఇంటికి పోయేవాడు, పిట్టలకి కొర్రలు వేసే టైమయింది అనేవాడు. పిరికిపందవిరా అని నలుగురిలో తిట్టాను. నవ్వాడు. "నువ్వు అరుసుకో బావా. నాను ఊపిరి దాసుకుంటాను." దాచుకున్నది ఎంత మిగిలిందో ఆసుపత్రి వాళ్ళు వేలికి క్లిప్పు పెట్టి చూస్తున్నారు మూడు నెలలుగా.

"అన్నా, ఇటు సూడు." నిసార్ ఒక పంజరం దించి నా ముందు పెట్టాడు. అందులో ఏడెనిమిది పసుపువి. ఒకదాన్ని వేలితో చూపించాడు. "అచ్చం అదే. దాన్ని గౌస్ భాయ్‌కి నా కొట్లోనే ఇచ్చినాను కదా, నాకు గుర్తే. మెడ కాడ సుక్కలు, తోక, అన్నీ కుదిరిపోనాయి. ఆయనకి సూపు కూడా అంత ఆనట్లేదంట. దీన్నెట్టీ అన్నా, ఎవుడికి తెలుస్తాది?" చెడ్డవాడు కాడు నిసార్. గౌస్ అంటే ప్రాణం. పొద్దున జోగమ్మా ఇదే అంది, నవ్వకుండా అంది. "రోగిస్టి మడిసి. దిగులెట్టుకోకూడదని డాక్టరు సెప్పినాడా లేదా? కొత్తదెట్టీ. నీ నిజం ఆడికెందుకు? నీ గుండె తేలికవ్వడానికి ఆడి ఊపిరి తీసుకుంటావా?" మైకు ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డాను, మేనేజర్లకి జవాబు చెప్పాను, పోలీసులకి చెప్పాను, జోగమ్మ ముందు మాత్రం డబ్బా చంకన పెట్టుకుని బయటపడ్డాను. నిజంగానే ఆ మాట విని వాడికి ఆయాసం ముంచుకొస్తే. నిజంగానే ఆ మిషను చాలకపోతే. పిట్టని చంపినవాడు మనిషిని కూడా చంపి, నిజం చెప్పాను కదా అని ఇంటికెళ్ళి అన్నం తింటాడా.

కానీ నిసార్ చెయ్యి పంజరంలోకి వెళ్ళింది. తలుపు తీసి, వేళ్ళు విప్పి, ఆ పసుపుదాన్ని మూలకి తరుముతున్నాడు, మిగతావన్నీ కమ్మీలకి కొట్టుకుంటున్నాయి, నాకు ఆ చెయ్యి ఇంకోలా కనిపించింది. షెడ్డులో మాతో పనిచేసేవాడు, సీతాలు పెనిమిటి, పైనుంచి పడి చచ్చిపోయిన రోజు. పొద్దుట తొమ్మిదికి పడ్డాడు, రెండో షిఫ్టుకల్లా వాడి హాజరు టోకెను ఇంకొకడి మెళ్ళో ఉంది. అదే నంబరు. రిజిస్టరులో మనిషి తగ్గలేదు, పనీ ఆగలేదు, అసలు ఎవరూ పడలేదు. సీతాలు చంకలో పిల్లతో గేటు దగ్గరకొచ్చి మా ఆయన ఏడీ అంటే, నీ మొగుడి టోకెను లోపలే ఉంది, పనిలోనే ఉన్నాడు పో అన్నారు. నాలుగు రోజులు గేటు ముందు పడుకున్నాం ఆ టోకెను చేతికిచ్చేదాకా. ఆ కొత్తవాడికి తెలుసా ఎవడి టోకెను తగిలించుకున్నాడో. తెలిసినా ఏం చేస్తాడు, వాడికీ పిల్లలున్నారు. నిసార్ చేతిలో పసుపు పిట్ట గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో బయటికి కనిపిస్తోంది.

"ఒగ్గీ" అన్నాను. గట్టిగా వచ్చింది. కొట్లో వాళ్ళంతా తిరిగి చూశారు. నిసార్ పిట్టని వదిలి చెయ్యి తీసేశాడు. "మరి అద్దమైనా పెట్టు అన్నా" అన్నాడు మెల్లగా, ప్లాస్టిక్ చట్రంలో అర్ధ రూపాయంత అద్దం చూపించి, "ఒంటరిదానికి అదే పెడతాం. దానిలోది దాని జోడీ అనుకుంటాది. దాంతోనే మాటాడతాది, గింజ తెచ్చి పెడతాది." గింజ తెచ్చి అద్దానికి పెడుతుంది. నేను డబ్బా మూత కొంచెం ఎత్తి చూశాను. ఆకుపచ్చది ఒక కన్నుతో నన్ను చూసింది. దానికి తెలుసు, పసుపుది ఎలా ఒరిగిందో పక్కన కూర్చుని చూసింది, సాక్షి ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా నమ్మించాలి, గౌస్‌నీ నమ్మించాలి, అందరినీ నమ్మించాక ఇంక మిగిలేది నేను ఒక్కణ్ణి. అద్దం వెనక్కి తోశాను. పూసల దండ తీసుకున్నాను, చెక్కది, రంగు లేనిది, తీగ లేకుండా నూలు తాడుకి గుచ్చినది. వేప కొమ్మ తీసుకున్నాను కూర్చోడానికి, ఒకచోట లావు ఒకచోట సన్నం ఉన్నది, నున్నటి కర్ర మీద ఎప్పుడూ ఒకేలా నిలబడితే కాళ్ళకి పుళ్ళు పడతాయని నిసారే చెప్పాడు. పంజరం స్టెయిన్‌లెస్‌ది చూపించమన్నాను. గోటితో గీకాను, తాళం చెవితో గీకాను, నాలుక ఆనించి చూశాను. ఉన్నవాటిలోకి పెద్దది కావాలన్నాను, నేను చేసినంత పెద్దది.

అప్పుడు ఫోను మోగింది. రసూల్ బీ, గౌస్ భార్య. వెనకాల హారన్లు, బండిలో ఉన్నట్టున్నారు. "అన్నయ్యా, బయల్దేరిపోనాం. ఈయన ఒకటే గొడవ, పిట్టలు పిట్టలు అని. బేగి ఇంటికి తెచ్చీ అన్నయ్యా." సరే అనబోయాను. సరే అంటే ఇంకో గంట దొరుకుతుంది. ఆ గంటలో నా కాళ్ళు మళ్ళీ ఆ పసుపు పిట్టల దగ్గరకి వెళ్తాయని నాకు తెలుసు, నన్ను నేను బాగా ఎరుగుదును. "బావకియ్యమ్మా" అన్నాను. ఫోను చేతులు మారిన చప్పుడు, తర్వాత ఊపిరి. మాట కంటే ముందు ఊపిరి వచ్చింది, ఈలలా.

"బావా. ఏటి సేత్తన్నాయి?"

"పసుపుది సచ్చిపోనాది బావా."

హారను. ఊపిరి. ఇంకో ఊపిరి. నేను లెక్కపెడుతున్నాను, ఐదు, ఆరు, పక్కన రసూల్ బీ ఏటైంది ఏటైంది అంటోంది, ఆపు అన్నట్టు చిన్న చప్పుడు.

"ఎలాగ?"

"పెద్ద పంజరం సేసినాను. జీఐ మెష్షు. కొరికీసింది. నానే సంపినాను."

"జీఐ" అన్నాడు. మళ్ళీ ఈల. "నువ్వు వెల్డరువేనా?"

లాఠీ దెబ్బలు తిన్నాను, కాంట్రాక్టరు అమ్మానాన్నల్ని ఎత్తి తిడితే విన్నాను, ఏదీ ఇంత లోపలికి దిగలేదు.

"రెండోది?"

"ఉంది. నా ఒళ్ళోనే ఉంది. మందేత్తన్నాను. పొద్దున నాలుగు కొర్రలు తింది."

"సచ్చిపోనదాని పేరేటో తెలుసా నీకు?"

తెలియదు. పసుపుది అన్నాను ఎప్పుడూ, ఆడది అన్నాను. సభల్లో చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదివి జోహార్లు చెప్పించేవాణ్ణి నేనే. పేరు మింగేస్తే మనిషిని మింగేసినట్టే అని అరిచేవాణ్ణి.

"మూడు నెల్లు నీ కాడుంది" అన్నాడు గౌస్. "అడగలేదు నువ్వు. నా కాడికొచ్చి ఎదర కూకో, అప్పుడు సెప్తాను. ఫోన్లో సెప్పను." దగ్గాడు. చాలాసేపు దగ్గాడు, నేను నిలబడిపోయాను, డబ్బా రెండు చేతులతో పట్టుకుని, జోగమ్మ మాట నిజమైపోతుందేమోనని. దగ్గు తెరిపిచ్చింది. "ఎక్కడున్నావ్?"

"నిసార్ కొట్లో. పంజరం తీసుకుంటన్నాను. స్టెయిన్‌లెస్సే. నాలుగడుగుల ఎత్తుది."

"అంతది నీకా నాకా?" కోపం వచ్చేసింది వాడికి, ఆ కోపం వినగానే నాకు కాళ్ళలో సత్తువ వచ్చింది. "ముక్కుకెట్టిన పైపు ఏడడుగులే బావా. మంచం దిగి తిరగడాలు లేవు. పడుకునే సెయ్యి సాపితే తలుపు అందాల నాకు. ఎడం సెయ్యి. కుడిపక్క గోడ." ఫోను పెట్టేశాడు.

పెద్దది వెనక్కి పెట్టించాను. నిసార్ పొట్టిది ఒకటి తెచ్చాడు, నలుపలకలది, పక్కకి తెరుచుకునే తలుపుది, స్టూలు మీద పెట్టాడు. చాలదు, చూడాలి, మళ్ళీ తప్పు చేయకూడదు. డబ్బా బల్ల మీద పెట్టి, గింజల పొట్టు మీదే, నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఎవరో నవ్వారు. అన్నా బట్టలు పాడైపోతాయి అంటున్నాడు నిసార్. మంచం ఎంత ఎత్తు, తల ఎటు, గోడ ఎటు, కళ్ళు మూసుకుని ఆ గది తెచ్చుకున్నాను, ఎడమ చెయ్యి చాపాను. తలుపు చేతికి అందింది. అప్పుడు గుర్తొచ్చింది, ముప్పై ఏళ్ళు ఒకే పైపుకి అటొకడూ ఇటొకడూ కూర్చుని అతికాం, గౌస్ చెయ్యి నా చేతి కంటే బెత్తెడు పొట్టి. వాడి చెయ్యంత అయ్యేలా మోచెయ్యి మడిచాను. అందలేదు.

"నిసార్" అన్నాను, "ఇంకొంచెం దగ్గరికి జరుపు."